మూడు భాషల్లో ఆరువందల నలభై బండలు

వికారాబాద్‌లో మా ఇంటి వెనక వరండాలో ఒక రేకు పెట్టె ఉంది. అందులో నాయిన కళ్లద్దాలు, విరిగిన గజం బద్ద, రుమాల్లో మూట కట్టిన సుద్దముక్కలు, అరచేతిలో ఇమిడే ఒక ఇనుప డబ్బీ ఉన్నాయి. డబ్బీ పైన ఒక మీట ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే టిక్ మని చప్పుడై, చిన్న కిటికీలో అంకె ఒకటి ముందుకు జరుగుతుంది. పక్కనున్న బొడిపె తిప్పితే నాలుగూ సున్నాలవుతాయి. పోయిన వారం పక్కింటి షబానా ఈ పెట్టె మూత తీసి, డబ్బీ చేతిలోకి తీసుకుని, నేను వద్దనేలోపే ముప్పై ఏడు సార్లు నొక్కింది. ముప్పై ఏడని ఎలా తెలుసంటే, లెక్కపెట్టకుండా ఏ చప్పుడూ వినలేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

షబానా నర్సు. నవాబుపేట, పూడూరు వైపు ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన తల్లులకూ పసిపిల్లలకూ మందులిచ్చే పని. వాళ్లతో మాట్లాడటానికి ఒడియా నేర్చుకోవాలని ఆమె కోరిక. ఇంటికొస్తే ఫోన్‌లో థాయ్ సీరియళ్లు చూస్తుంది, అందుకని థాయ్ కూడా కావాలట. నాకు రెండూ కొంచెం కొంచెం వచ్చని వాళ్లమ్మ చెప్పడంతో ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది.

"పద్మక్కా, గీ రెండిట్ల నాకు ఏది అల్కగ వస్తది?"

"తొంభైతొమ్మిది దాక లెక్కపెట్టనీకి థాయ్‌ల పన్నెండు మాటలు చాలు. ఒడియాకు తొంభైతొమ్మిది మాటలు గావాలె" అన్నాను.

"అంటే థాయే అల్కగ."

"ఆగు. ఆ తొంభైతొమ్మిది నీకు ముందుగాలనే వచ్చు. మీ ఇంట్ల ఇరవై అయిదును ఏమంటరు?"

"పచ్చీస్."

"వాళ్లు పచిశ అంటరు. అరవై నాలుగు?"

"చౌసఠ్."

"చఉషఠి. ఇంగేమున్నది నేర్చుకునేది?"

ఆమె నవ్వి, నోటుపుస్తకం మొదటి పేజీలో తొంభైతొమ్మిది అని రాసి కొట్టేసింది. తర్వాత డబ్బీ పైకెత్తి చూపించింది. "మరి గిదేంది?" నేను చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిన తర్వాత, రాసి పెడితే నేర్చుకునేవాళ్లకు ఇంకొకరికైనా పనికొస్తుందనిపించింది.

అప్పుడు మేం తాండూరులో ఉండేవాళ్లం. ఊరు చివర, బండలు నునుపు చేసే కార్ఖానా గోడను ఆనుకుని రెండు గదుల ఇల్లు. తాండూరు బండ తడిసినప్పుడు వచ్చే వాసన వానకు ముందు నేల వాసనలా ఉండదు. అందులో సున్నం, ఇనుము, కొంచెం పులుపు కలిసి ఉంటాయి. పొద్దున మిషన్లు మొదలవగానే ఆ వాసన గోడ దాటి మా పొయ్యి దగ్గరికి వచ్చి, ఉడుకుతున్న కందిపప్పు వాసనతో కలిసేది. నాయిన బట్టలకు, చెవుల వెనక, కనుబొమల మీద తెల్లని బండపొడి. అమ్మ ఎన్నిసార్లు ఉతికినా ఆయన రుమాలు దులిపితే ఇంత పొగ లేచేది.

నాయిన పేరు మొగులయ్య. కార్ఖానాలో ఆయన పని లెక్క పిలవడం. లారీకి బండలు ఎత్తేటప్పుడు పక్కన నిలబడి, ఒక్కో బండ దాటుతుంటే గట్టిగా అంకె పిలవాలి. ఇరవై కాగానే లారీ చెక్క మీద సుద్దతో ఒక గీత గీసి, మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. గొంతు బాగుండాలి, దృష్టి చెదరకూడదు, ఎవరు పలకరించినా బదులివ్వకూడదు. ఆయన పిలుపు మీద లారీలు బొంబాయి దాకా పోయేవి. తిరిగి లెక్కపెట్టించిన సేటు లేడు. ఆ ఒక్క గర్వం తప్ప ఆయనకు వేరే ఆస్తి ఉన్నట్టు నేను చూడలేదు.

ఆ పిలుపు ఆయనకు తాత నుంచి వచ్చింది. తాత కోట్‌పల్లి దిక్కు ఊళ్లలో కల్లాల దగ్గర జొన్నలు కొలిచేవాడు. మానికతో మొదటి కొలత పోసేటప్పుడు "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు. ఏడు అంటే ఏడుపని, ఆరు తర్వాత "ఆరున్నొక్కటి", ఆ పైన ఎనిమిది. మా ఇంట్లో అమ్మ జొన్నరొట్టెలు బుట్టలో వేసినా అదే వరస. నేను బడిలో చేరిన మొదటి రోజు పంతులు వేళ్లు లెక్కపెట్టమంటే "లాభం, రెండు" అని మొదలుపెట్టి పిల్లలందరి చేతా నవ్వించుకున్నాను. ఆ తర్వాత బడిలో ఒక వరస, ఇంట్లో ఒక వరస అలవాటైపోయాయి.

పదో తరగతిలో నేను లెక్కల్లోనే ఫెయిలయ్యాను. జవాబులన్నీ సరైనవే, కానీ ఎలా వచ్చాయో రాయలేదు. నాకు అంకె కనబడగానే జవాబు కనబడేది, మధ్యలో మెట్లు కనబడేవి కావు. ఇప్పుడు ఆ మెట్లు రాయడం నేర్చుకున్నాను, కానీ అప్పుడు అమ్మకు నచ్చజెప్పడం చేతకాలేదు. "లెక్క పిలిచెటోని బిడ్డవు, లెక్కలల్ల పోయినవా?" అని ఆమె మూడు రోజులు రొట్టె బుట్ట నా వైపు విసురుగా జరిపింది. నాయినేమో నాలుగో రోజు నన్ను కార్ఖానాకు వెంటబెట్టుకుపోయి, చాయ్ అందించే పనిలో పెట్టాడు.

అక్కడే నాకు ఒడియా తగిలింది. బండలు మోసే పన్నెండు మంది ఒడిశా వాళ్లే, వాళ్ల పెద్ద నిధి. నేను ఆయన్ని నిధి మావుసా అని పిలిచేదాన్ని. మావుసా అంటే వాళ్లకు పినతల్లి భర్త, వయసులో పెద్దవాళ్లను మర్యాదగా పిలవడానికీ అదే మాట. ఆయన నన్ను ఝిఅ అనేవాడు, అంటే బిడ్డ. పొద్దున వాళ్లు రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నాన్ని ఉల్లిగడ్డతో తింటూ దాన్ని పఖాళ అనేవాళ్లు. మా ఇంట్లో సద్దన్నం తినే నాకు అందులో కొత్తేమీ కనబడలేదు. "భాత ఖాఇలణి?" అని అడిగేవాడు మావుసా. అన్నం తిన్నావా అని. మాట వెనక మాట మా వరసలోనే ఉంది, ముందు అన్నం, చివర తినడం. తెలుగువాళ్లకు ఒడియాలో మొదటి సుఖం ఇదే. రెండో సుఖం, మాటలు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. షబానా వాళ్లు పత్తర్ అనేదాన్ని వాళ్లు పథర అంటారు, ఘర్ అనేదాన్ని ఘర అంటారు. కాకపోతే వాళ్ల అకారంలో కాస్త ఒకారం కలిసి ఉంటుంది, పెదాలు కొంచెం గుండ్రం చేయాలి. మన ణ, ళ కూడా వాళ్ల నోట నిక్షేపంగా పలుకుతాయి.

నాకు నిజంగా ఆశ పుట్టించింది మాత్రం మావుసా లెక్క. ఆయన పదులతో లెక్కపెట్టేవాడు కాదు, నాలుగులతో. నాలుగు బండలు ఒక గండ. ఇరవై గండలు ఒక పణ, అంటే ఎనభై. వాళ్ల ఊళ్లో తమలపాకులూ గడ్డిమోపులూ అలాగే లెక్కపెట్టేవాళ్లట. ఆయన మోస్తూ మోస్తూనే, జట్టంతా లారీకెక్కించిన బండలను నోట్లో గండలుగా తిప్పుకుని, ఒక పణ పూర్తి కాగానే భుజం మీది గంచా తువ్వాలు కొసకు ఒక ముడి వేసేవాడు. ఎవరూ ఆయన్ని లెక్క అడగలేదు. ఎందుకు మావుసా ఈ కష్టం అంటే, "మోసిందెంతో నాకన్న తెలవొద్దా, ఝిఅ?" అనేవాడు తన వచ్చీరాని తెలుగులో.

ఆ చలికాలం థాయిలాండ్ నుంచి ఒకామె వచ్చింది. అక్కడెక్కడో బౌద్ధ విహారం ముంగిట పరచడానికి మా బండలు కొంటున్నారు, ఆమె పని ఒక్కో బండా చూసి ఒప్పుకోవడం. ముప్పై ఏళ్లుంటాయి. పొట్టిగా, చురుగ్గా, తలకు పెద్ద గడ్డి టోపీ. పేరు మాలి. మల్లెపువ్వని అర్థం చెప్పగానే మా అమ్మ, "మల్లె అంటే మనమ్మాయే గద" అని తన జడలోని మూర తుంచి ఆమెకు పెట్టింది. మావుసా వాళ్లు కూడా మల్లి అంటారు. నా పేరు పద్మ అని విని మాలి, తమ దగ్గర తామరపువ్వును పథుమ్ అంటారని చెప్పింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు పథుమ్. ఆమె బసకూ బజారుకూ తోడు తిరిగే పని సేటు నాకు అప్పజెప్పాడు. నా బడి ఇంగ్లీషు, ఆమె అరకొర ఇంగ్లీషు రెండూ ఎత్తు సరిపోయాయి.

థాయ్ మాట ఒడియాలా మన మాట వెనక నడవదు. నేను, తిను, అన్నం అన్న వరసలో నడుస్తుంది. నిన్న తిన్నా రేపు తిన్నా, నేను తిన్నా వాళ్లు తిన్నా ఆ "తిను" మారదు, కిన్ అంటే కిన్. మన క్రియలకు ఎన్ని తోకలున్నాయో లెక్కపెట్టిన నాకు అదొక సెలవు రోజులా అనిపించింది. కష్టమంతా గొంతులో ఉంది. ఒకే మాటను ఐదు రకాల స్వరాల్లో పలకవచ్చు, స్వరం మారితే అర్థం మారుతుంది. మాలి చెయ్యి గాల్లో పైకీ కిందికీ ఊపుతూ నేర్పేది. నాకు ఆ చెయ్యి కన్నా నాయిన పిలుపు ఎక్కువ సాయం చేసింది. ఆయన ఇరవై దగ్గర గొంతు దించేవాడు, పది దగ్గర నిలిపేవాడు. ఆ దించడాలూ నిలపడాలూ పుట్టినప్పటి నుంచీ నా చెవుల్లో ఉన్నాయి. వయసులో పెద్దవాళ్లు ఆడైనా మగైనా పీ, చిన్నవాళ్లు నోంగ్. నేను పీ మాలి అంటే ఆమెకు ముఖం వెలిగేది. మాట చివర ఆడవాళ్లు ఖా అంటారు, మగవాళ్లు ఖ్రప్ అంటారు. మన "అండీ" ఇద్దరికీ ఒకటే, మావుసా "ఆజ్ఞా" కూడా అంతే.

అంకెలు ఒక్క పూటలో వచ్చేశాయి. నుంగ్, సోంగ్, సామ్, సీ, హా, హొక్, చెత్, పేత్, కావ్, సిప్. పది మాటలు. ఇరవైకి రెండు పదులనరు, యీ సిప్ అంటారు. పదకొండు, ఇరవై ఒకటి లాంటి వాటి చివర ఒకటికి ఎత్ అంటారు. మొత్తం పన్నెండు. అరవై నాలుగు కావాలంటే హొక్ సిప్ సీ, ఆరు పదుల నాలుగు. ఇంతే. తెలుగుకు ఎన్ని మాటలు కావాలో ఆ సాయంత్రమే కూర్చుని లెక్కవేశాను. పది దాకా పది, పంతొమ్మిది దాకా తొమ్మిది, ఇరవై నుంచి తొంభై దాకా ఎనిమిది. ఇరవై ఏడు. మనం ఇద్దరికీ మధ్యలో ఉన్నాం.

ఇంత దూరంగా కనబడే ఆ ఇద్దరూ ఒకే చోట కలవడం కూడా నేను చూశాను. వారాలు రాయించుకుంటే మాలి పుత్, సుక్, సావ్ అంది. మావుసా బుధబార, శుక్రబార, శనిబార అన్నాడు. చెవికి తేడాగా ఉన్నా కాగితం మీద ఒకదాని కింద ఒకటి పెడితే బుధుడూ శుక్రుడూ శనీ వరసగా నిలబడ్డారు. ఒడియా ఆ మాటలకు చివరి అచ్చు ఉంచింది, థాయ్ చివరను కోసేసింది. ఎకారం గుర్తును ఇద్దరూ అక్షరానికి ఎడమ పక్కనే పెడతారు, మనం నెత్తిన పెడతాం. థాయ్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు, వాక్యమంతా ఒకే గోడ. విద్యను మావుసా బిద్యా అన్నాడు, మాలి విచా అంది. గణితాన్ని ఆయన గణిత అన్నాడు, ఆమె ఖనిత్ అంది. నేను ఫెయిలైన సబ్జెక్టు పేరు మూడు దేశాల దూరం పోయి వచ్చినట్టు వినబడి, ఎందుకో ఆ రోజు సిగ్గు సగం తగ్గింది.

ఇక లారీ ఎత్తే రోజు వచ్చింది. అడుగున్నర పలకలు, రెండు వైపులా నునుపు చేసినవి. మాలి లారీ పక్కన నిలబడి, తన ముందు నుంచి దాటే ప్రతి బండ ముఖాన్నీ చూస్తుంది. ఆమె పగులో మచ్చో చూసి చెయ్యెత్తినా, మూల రాలిందని తనే గమనించినా, నాయిన అంకె పిలవకుండా "పక్కకు" అంటాడు, ఆ బండ గోడ దగ్గరికి పోతుంది. అంకె పిలిస్తే అది లారీ ఎక్కినట్టు. మాలి కళ్లు బండ మీద, చెవి నాయిన గొంతు మీద, బొటనవేలు ఇనుప డబ్బీ మీద. అంకె వినబడితే ఒక నొక్కు. సేటు గుమాస్తా తెలుగు అంకెలను థాయ్ అక్షరాల్లో రాయించి ఇచ్చిన చీటీని ఆమె వారం పాటు బట్టీ పట్టింది. నేను ఆ రోజు చాయ్ గిన్నెలతో తిరుగుతున్నాను.

మధ్యాహ్నానికి బండలన్నీ గడ్డి మధ్య ఒత్తుగా నిలబడ్డాయి. తాళ్లు బిగించారు. నాయిన లారీ చెక్క మీది గీతలు చూపించాడు, ముప్పై రెండు. "ఆరువందల నలభై, సేటూ" అన్నాడు. మాలి డబ్బీ కిటికీ చూసుకుంది, మళ్లీ చూసుకుంది. తర్వాత అందరికీ కనబడేలా పట్టుకుంది. ఐదువందల డెబ్బై ఆరు.

"గింత ఫరక్ ఎట్లొస్తది మొగులయ్యా?" అన్నాడు సేటు. "ఒకటో రెండో అంటే సరే. అరవై నాలుగు బండలు."

"నా పిలుపు తప్పలేదు సేటూ."

"మరి ఆమె మర తప్పిందంటవా? మర అబద్ధమాడ్తదా?"

"అదంత నాకు తెల్వది. ఒకటన్న తప్పు పిలిచినట్టు తేల్తే, ఇయ్యాల్టి సంది ఈ కార్ఖానల నోరు తెరువ." నాయిన రుమాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. ఆయన ఆ మాట అన్నాడంటే నిలబడే మనిషి. పన్నెండు మంది మోసేవాళ్లు, మిషన్ల దగ్గరివాళ్లు, గుమాస్తా అందరూ చూస్తున్నారు. మాలి ముఖం కూడా పాలిపోయింది. కాగితం మీద సంతకం ఆమెది, ఆరువందల నలభై అని రాసి అక్కడ తక్కువైతే పోయేది ఆమె ఉద్యోగం. లారీ దింపించి మళ్లీ లెక్కపెట్టొచ్చు. కానీ నునుపు చేసిన బండ దింపిన ప్రతిసారీ మూలలు రాలతాయి. పైగా తన పిలుపు మీద లారీ దింపితే, లెక్క సరిపోయినా నాయిన మళ్లీ ఆ చోట నిలబడడని నాకు తెలుసు.

నేను చాయ్ గిన్నెలు కింద పెట్టి మావుసా దగ్గరికి పోయాను. "కేతే పణ, మావుసా?" ఎన్ని పణలు అని. ఆయన గంచా కొస చాచాడు. వేలితో ముడులు తడిమాను. "ఆఠ పణ" అన్నాడు. ఎనిమిది ఎనభైలు ఆరువందల నలభై. సేటుకు అదే చెప్పాను.

"ముడులను నమ్ముకోని సంతకం పెడ్తదా ఆమె?" అన్నాడు సేటు. "ఆయన గూడ మీ దిక్కే గద బిడ్డ."

అదీ నిజమే. మా లెక్క ఒప్పని రెండు నోళ్లు చెప్తే సరిపోదు, ఆమె లెక్క ఎందుకు తప్పిందో ఆమెకు కనబడాలి. నేను గోడ దగ్గర పక్కకు పెట్టిన బండల మీద కూర్చుని అరవై నాలుగు వైపే చూశాను. అంకెను కొంచెంసేపు చూస్తే అది తన కీళ్లు చూపిస్తుంది. గీతలు ముప్పై రెండు. ముప్పై రెండు రెళ్లు అరవై నాలుగు. పొరపాటు అయితే ఒక గీతలో మూడూ ఇంకో గీతలో సున్నా వస్తుంది, ఇలా సమానంగా రాదు. ప్రతి ఇరవైలోనూ సరిగ్గా రెండు బండలు ఆమెకు వినబడలేదు. ప్రతిసారీ అవే రెండు. ఏ రెండో అడగాల్సింది ఆమె బొటనవేలిని.

"నాయినా, గీ పక్క బండలు ఒక్క ఇరవై పిలువు" అన్నాను.

"ఎందుకే?"

"నువ్వు పిలువు."

మావుసా మనుషులు బండలెత్తారు. నేను మాలి వెనక నిలబడి డబ్బీని సున్నా చేయమన్నాను. బండలను చూడలేదు, ఆమె వేలినే చూశాను. "లాభం" అన్నాడు నాయిన. వేలు కదల్లేదు. "రెండు." టిక్. "మూడు." టిక్. ఆరు దాకా నొక్కింది. "ఆరున్నొక్కటి." వేలు ఆగింది. "ఎనిమిది." టిక్. ఇరవై దగ్గర నాయిన గొంతు దిగేసరికి కిటికీలో పద్దెనిమిది ఉంది.

చీటీలో లేని మాట వినబడితే ఆమెకు ఒకటే అర్థం, బండ పక్కకు పోయిందని. ఆమె కన్ను అప్పటికే తర్వాతి బండ మీదికి పోయేది. గుమాస్తాకు చీటీలో "లాభం" రాయాలని తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు. మా చెవులకు అది అంకే, అంకె కాదని ఎవరైనా అనుకోవచ్చని మేం ఎన్నడూ అనుకోలేదు.

నేను మొదటి బండ మీద చెయ్యి వేసి, "పీ మాలి, లాభం నుంగ్" అన్నాను. ఏడో బండ మీద చెయ్యి వేసి, "ఆరున్నొక్కటి చెత్" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆ రెండు బండలనూ చూసింది. తర్వాత టోపీ తీసి, లారీ చెక్క మీది గీతలను తనే ఒక్కొక్కటిగా వేలితో తాకుతూ లెక్కపెట్టింది. సామ్ సిప్ సోంగ్. ముప్పై రెండు. పెదాలు కదిలాయి. "హొక్ సిప్ సీ" అంది మెల్లగా, అరవై నాలుగు. ఆ తర్వాత గట్టిగా, "హొక్ రోయ్ సీ సిప్". ఆరువందల నలభై. మావుసా అది నన్నడిగి తెలుసుకుని, "ఛఅ శహ చాళిశ" అని తన మనుషుల వైపు తిరిగి కేకవేశాడు. ముడులున్న గంచాను జెండాలాగ తల మీద తిప్పాడు. మిషన్ల దగ్గర ఎవరో ఈల వేశారు.

మాలి సంతకం పెట్టేముందు నాయిన దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించి తల వంచింది. ఆయన కంగారుపడి తనూ వంగాడు. ఒకటి అని ఎందుకనరో అడగమంది నన్ను.

"ఒకటంటే ఒక్కదగ్గర్నే ఆగుతదమ్మా. లాభం అని మొదలువెడితే పెరుగుతది" అన్నాడు నాయిన.

నేను చెప్పింది విని ఆమె, తమ దేశంలో తొమ్మిది మంచి అంకె అనీ, ఇల్లు కట్టినా బండి కొన్నా తొమ్మిది కోసం వెతుకుతారనీ చెప్పింది. నాయిన తల ఊపాడు. ప్రతి దేశానికీ ఒక పట్టింపు ఉండటం ఆయనకు సబబుగానే తోచింది.

సేటు మాత్రం తర్వాతి లారీకి ఒకటి, ఏడు అని తిన్నగా పిలవమన్నాడు. "నా నోట రాదు సేటూ" అన్నాడు నాయిన. "గీ పిల్లను పక్కకు నిలవెట్టున్రి, ఆమె చెప్తది." అలా ఆ చలికాలం మిగిలిన తొమ్మిది లారీలకు నేను నాయిన పక్కన నిలబడ్డాను. చాయ్ గిన్నెలు ఇంకొకరికి పోయాయి. ఆయన "లాభం" అనేవాడు, నేను "నుంగ్" అనేదాన్ని, గండ పూర్తయినప్పుడల్లా మావుసా మోత కింద నుంచి ఒక హుంకారం. దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి వినేవాళ్లు. ఒక్క లారీలోనూ ఒక్క బండ తేడా రాలేదు. మార్చిలో మళ్లీ లెక్కల పరీక్ష రాశాను. ఈసారి మెట్లు కూడా రాశాను. పాసయ్యాను.

మాలి పోయే రోజు ఈ డబ్బీ నా చేతిలో పెట్టింది. బొడిపె తిప్పి నాలుగు సున్నాలు చూపించి "సూన్" అంది. మావుసా తొంగి చూసి "శూన" అన్నాడు. నాయిన "సున్న" అన్నాడు. పన్నెండు మాటలవాళ్లూ, తొంభైతొమ్మిది మాటలవాళ్లూ, ఇరవై ఏడు మాటల మేమూ ఆ ఒక్కదాని దగ్గర గొంతు కలిపాం.

ఇప్పుడు తాండూరు బండల లెక్క మరలే చూస్తాయి, లెక్క పిలిచే మనిషి ఎక్కడా లేడు. ఆ మరలు తప్పవని నాకు తెలుసు, వాటి మీద నాకు కోపం లేదు. షబానా ఫోను అడగగానే థాయ్ మాటను ఐదు స్వరాల్లోనూ పలుకుతుంది, అప్పట్లో నాకు ఒక మాలి కావలసి వచ్చింది. కానీ నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అంకెలతో మొదలుపెట్టండి, అవి చీటీలో దొరుకుతాయి. తర్వాత ఆ ఊళ్లో మనుషులు మొదటి బండను ఏమని పిలుస్తారో వెళ్లి వినండి, అది చీటీలో ఉండదు.

ఇదంతా విన్నాక షబానా డబ్బీని సున్నా చేసి, "అక్కా, మీ నాయిన లెక్క పిలువు. నేను నొక్కుత" అంది. వరండాలో బండలు లేవు, గోడవారగా మా పూలకుండీలున్నాయి, సరిగ్గా ఇరవై. నేను వాటి ముందు నడుస్తూ, చాలా ఏళ్ల తర్వాత, నాయిన గొంతు ఎత్తులో అందుకున్నాను.

"లాభం."

టిక్.

ఆగి వెనక్కి చూశాను. కథ విన్నది కాబట్టి నొక్కిందనుకున్నాను. ఆమె నా వైపు చూడటం లేదు, కుండీ వైపే చూస్తోంది.

"మా దాదా గూడ పూడూరుల కందులు కొలిచేటోడు" అంది. "పెరగాలెనని ఒకటనకపోయేటోడు. బర్కత్, దో, తీన్. నువ్వు పిలువక్కా, నాకు తెల్సు."

పిలిచాను. ఇరవై దగ్గర నాయిన దించినట్టే గొంతు దించాను. షబానా డబ్బీ నా వైపు తిప్పింది. కిటికీలో ఇరవై ఉంది.